తిండికే రేషన్ ఉన్నప్పుడు బయాలజీ పరిశోధనకు డబ్బులెట్లా ఇచ్చారు?

నల్లగొండ జువాలజీ:
అన్నలూ, నాది ఎమ్మెస్సీ ఫైనలియర్. సోమవారం సెమినార్, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బయాలజీ పరిశోధనకు నిధులు ఎట్లా సమకూర్చారన్నది టాపిక్. బ్రిటన్‌లో 1954 దాకా రేషన్ నడిచింది కదా, అప్పుల్లో మునిగిన దేశం రక్తంలోని ప్రొటీన్ ఎట్లుంటదో చూడడానికి డబ్బులెందుకిచ్చినట్టు? మా సార్‌ని అడిగితే "వాళ్లకు ముందుచూపు" అన్నారు. అదొక జవాబా?

పాత ల్యాబ్ మనిషి:
తమ్ముడూ, పెన్సిలిన్‌తో మొదలుపెట్టు. ఫ్లెమింగ్ 1928లో బూజు దగ్గర చూసింది పదేళ్లు దాటినా మందు కాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ పట్టుకున్నాక, అమెరికా ప్రభుత్వం కంపెనీలను కూడగట్టాక, యుద్ధం నడుస్తుండగానే పెద్ద పెద్ద ట్యాంకుల్లో తయారైంది. దాన్ని కళ్లారా చూసినోళ్లకు బూజు మీద పరిశోధన దండగ అని చెప్పడం కష్టం. 1945 జూలైలో అమెరికా యుద్ధకాలపు పరిశోధనను నడిపిన వానెవర్ బుష్ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఇచ్చిన నివేదిక సారం కూడా అదే, యుద్ధంలో వాడింది చాలావరకు అంతకుముందే తెలిసిన సైన్స్, కొత్తది పుట్టాలంటే యూనివర్సిటీల్లో వాళ్లను వాళ్ల ఇష్టానికి పని చేసుకోనివ్వాలి అని.

కానీ పెత్తనం ఎవరిదన్న దగ్గర పేచీ వచ్చింది. ప్రజల సొమ్ము కాబట్టి ప్రభుత్వం చేతిలో ఉండాలని సెనేటర్ కిల్గోర్, సైంటిస్టులకే వదిలేయాలని బుష్. పరిశోధనకు నిధులిచ్చే సంస్థ కోసం తెచ్చిన బిల్లును 1947లో ట్రూమన్ వీటో చేశాడు, ఆ సంస్థ, అదే ఎన్ఎస్ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్), పుట్టేసరికి 1950. ఈలోపు యుద్ధకాలపు వైద్య పరిశోధన కాంట్రాక్టులు ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) చేతికి పోయాయి, అది అక్కణ్ణుంచి పెరిగి పెద్దదైంది.

పాలమూరు మేడం:
బ్రిటన్ గురించి అడిగావు కదా. అక్కడ ఇచ్చింది పెద్ద మొత్తమేం కాదు. 1947లో ఎంఆర్‌సీ (బ్రిటన్ వైద్య పరిశోధన మండలి) కేంబ్రిడ్జ్‌లో ప్రొటీన్ల నిర్మాణం మీద పనిచేసే పెరూట్జ్, కెండ్రూలకు ఒక చిన్న యూనిట్ పెట్టిచ్చింది, అంతే. పెరూట్జ్ నువ్వన్న ఆ రక్తంలోని ప్రొటీన్, హీమోగ్లోబిన్ మీద పని మొదలుపెట్టింది 1937లో, తొలి నిర్మాణం చూపగలిగింది 1959లో. మధ్యలో ఆస్ట్రియా వాడని కొన్నాళ్లు నిర్బంధించారు కూడా. 22 ఏళ్లు! మా ప్రాజెక్టుల్లో మొదటి ఏడాది కెమికల్స్ కొటేషన్లకే సరిపోతుంది. యుద్ధంలో నౌకాదళానికి మైన్ల మీద పనిచేసిన క్రిక్ 1949లో ఆ యూనిట్‌కే వచ్చాడు, 1953లో వాట్సన్‌తో కలిసి డీఎన్ఏ నిర్మాణం చెప్పిన సంగతి తెలిసిందే. అది వాళ్ల ప్లాన్‌లో లేదు. మనుషుల్ని చూసి ఇచ్చారు, టాపిక్ చూసి కాదు.

మర్రిగూడ వాసి:
మేడం, మా దగ్గర నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర్లు పోయినోళ్లకు 22 ఏళ్లు ఆగమని చెప్తారా? పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన పేరే ఉంది. ముందు అట్లాంటిదానికి ఇవ్వాలి.

పాలమూరు మేడం:
ఆగమని ఎందుకంటానండీ, నీళ్లే ముందు. కానీ పటిక నీళ్లను బాగు చేస్తుంది, ఎముక ఎందుకు వంగుతుందో చెప్పదు. ఆ ప్రశ్నను 1970లలో హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు పట్టుకున్నారు. ఆ సంస్థ 1918లో కూనూర్‌లో బెరిబెరి (విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) మీద మొదలైన చిన్న పని, అప్పుడు దాని లెక్కలో మన ఫ్లోరైడ్ ఎక్కడుంది?

నల్లగొండ జువాలజీ:
మేడం, మర్రిగూడ అన్నా, మీ వాదన మొత్తం స్లైడ్‌లో పెడతా. పదిహేను స్లైడ్లే అన్నారు, కిల్గోర్ పేచీ తీసేయనా?

పాత ల్యాబ్ మనిషి:
అది తీసేస్తే మళ్లీ ముందుచూపే మిగుల్తది. ఫ్లెమింగ్ ఫొటో తీసెయ్.