ఇన్యూట్ తరహా ఒంటికాలి ఎలుగుబంటి: ఏ రాయి వాడాలి, కాలు ఎందుకు విరుగుతోంది?

ఉలి_యలహంక
ఉత్తర కెనడాలో ఇన్యూట్ ఆదివాసుల ఊరు కింగైట్‌లో శిల్పి పౌటా సైలా చెక్కిన నాట్యమాడే ధ్రువపు ఎలుగుల పద్ధతిలో, ఒంటికాలి మీద నిలిచే బొమ్మ చెక్కుతున్నాను. 15 × 10 × 10 సెం.మీ. బలపపు రాయి దిమ్మ, బరువు 4 కిలోల పైచిలుకు. కాలు బొటనవేలంత సన్నబడేసరికి మడమ దగ్గర పెచ్చుగా ఊడి వస్తోంది. ముదురాకుపచ్చ రంగూ, అద్దం మెరుపూ రావడం లేదు. పని చోటు ఫ్లాట్ బాల్కనీయే. బెంగళూరులో దొరికే రాళ్లలో ఏది దగ్గరగా ఉంటుంది? మెరుగు ఎలా పెట్టాలి?

శిలాజీవి
రాయి మారిస్తే తప్ప ఆ రంగు రాదండీ. కింగైట్ వాళ్లు ఎక్కువగా చెక్కేది సర్పెంటినైట్ అనే పచ్చరాయి. బలపపు రాయి మీద గోటితోనే గీత పడుతుంది, సర్పెంటినైట్‌కి చాకు మొన కావాలి. కింగైట్ శిల్పి ఒసుయిటోక్ ఇపీలీ కారిబూ జింకల్ని అంత సన్నటి కాళ్ల మీద నిలబెట్టాడంటే ఆయన చేతి నేర్పుకి ఆ రాయి బలం కూడా తోడైంది. మరో ఇన్యూట్ ఊరు రాంకిన్ ఇన్లెట్‌లో శిల్పి జాన్ తిక్తాక్ బొమ్మలు చూడండి: అక్కడి బూడిదరంగు గట్టి రాయికి తగ్గట్టే చేతులు ఒంటికి అంటుకుపోయి, ముద్దగా ఉంటాయి. అందుకే దిమ్మ చేతికొచ్చాకే భంగిమ తేల్చుకోవాలంటాను.

మార్బుల్ షాపుల్లో రాజస్థాన్ గ్రీన్ అని అమ్మేది పేరుకే మార్బుల్, నిజానికి సర్పెంటినైట్. పలకలు మీకు పనికిరావు, దిమ్మ ముక్కే అడగండి. కొనేముందు నీళ్లు పోయండి: మిగతాదంతా ఆరాక కూడా తడిగా మిగిలిన గీత ఉంటే అక్కడ పగులుంది. సుత్తితో తడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే వదిలేయండి.

ఇక కాలు. బలపపు రాయిలో పొరలుంటాయి. అవి కాలికి అడ్డంగా పడితే విరగక మానదు. తడిపి పొరల దిక్కు చూసి, అవి నిలువుగా వచ్చేలా దిమ్మ నిలబెట్టండి. ముతక పనిలో కాలు 25 మి.మీ. మందం దగ్గర ఆపేయండి. ఎత్తిన కాలికీ నేలకూ మధ్య రాయిని ఆనుగా ఉంచి, ఒళ్లంతా 220 నంబరు గరుకు కాగితం దాకా వచ్చాకే దాన్ని తీయండి. బలపపు రాయిలో ఈ సైజుకి చివర్లో కూడా 15 మి.మీ. కంటే సన్నం చేయొద్దు.

తూకం ఇలా: బొమ్మ ముతక ఆకారానికి రాగానే అడుగున పెన్సిల్ పెట్టి, తూగే గీతను నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గుర్తుపెట్టండి. అవి కలిసేచోటు పాదం మధ్యలోకి రావాలి. రాకపోతే అది ఏ వైపు జరిగిందో ఆ వైపు బరువు తగ్గించండి.

తడి_ఆకురాయి
బాల్కనీలో గ్రైండర్ మాత్రం వద్దు, దయచేసి. పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే నార ఖనిజం క్రిసొటైల్ ఆస్బెస్టాస్, సర్పెంటినైట్‌లో ఉండే సర్పెంటైన్ ఖనిజ కుటుంబానిదే, మన పులివెందుల దగ్గర తవ్వింది అదే. రాతిలో పట్టుదారాల్లాంటి ఈనెలు కనిపిస్తే ఆ ముక్క పారేయండి, బలపపు రాయైనా సరే. కనబడకపోయినా దుమ్ము లేవనివ్వకూడదు. రంపం, ముతక ఆకురాయి, సన్న ఆకురాళ్లు, అన్నీ తడిపే వాడండి. ముఖానికి గుడ్డ చాలదు, పీ100 ఫిల్టరున్న మాస్కు కావాలి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ బురద నీళ్లు డ్రైనులో పోస్తే అడుగున గట్టిపడి పైపు మూసుకుపోతుంది. బకెట్‌లో రాత్రంతా తేరనిచ్చి, అడుగుమడ్డిని తడిగానే సంచిలో కట్టి పడేయండి. కింగైట్‌లో ఇప్పుడు యాంగిల్ గ్రైండర్లు మామూలే, కానీ చలికాలంలో కూడా ఇంటి బయటే కూర్చుని చెక్కుతారు.

మైనం_మెరుగు
మెరుగుకి తడిపి రుద్దే గరుకు కాగితాలు 120, 220, 400, 600, 1000 వరుసలో. ఒక్కో నంబరు తర్వాత బొమ్మ ఆరనిచ్చి ఏటవాలు వెలుగులో చూడాలి, తడిలో గీతలు దాక్కుంటాయి. గీత కనబడితే వెనక నంబరుకే వెళ్లాలి. 1000లో 220 గీత పోదు.

తర్వాత రెండు మూడు రోజులు ఆరబెట్టండి. లోపల నీరుండగా వేడి చేస్తే ఆవిరికి పగులుతుంది. చల్లటి ఓవెన్‌లో పెట్టి మెల్లగా 70 డిగ్రీలకు తెచ్చి, తేనెమైనం రుద్దండి. మైనం 62–64 దగ్గర కరుగుతుంది, ఇంకా వేడి అక్కర్లేదు. చల్లారాక నూలుగుడ్డతో తోమండి. బలపపు రాయి దీనితో ముదురు రంగుకి తిరుగుతుంది గానీ పచ్చబడదు.

ఇంకో మాట. అమ్మే ఉద్దేశముంటే ఇన్యూట్ శిల్పం అని రాయకండి. నకిలీల బెడదకే 1958లో ఇగ్లూ ట్యాగ్ అనే అసలు సరుకు ముద్ర పెట్టారు, 2017 నుంచి దాన్ని ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చూస్తోంది. అది వాళ్ల బతుకుతెరువు.

ఉలి_యలహంక
అమ్మకానికి కాదండీ. దిమ్మ తడిపి చూశాను, పొరలు అడ్డంగానే ఉన్నాయి. తిప్పి నిలబెడితే ఎత్తు 10 సెం.మీ.కే వస్తుంది.

శిలాజీవి
ఆ ఎత్తులో ఒంటికాలి భంగిమ ఇరుకు. నాలుగు కాళ్ల మీద నడిచే ఎలుగుకి ఆ దిమ్మ సరిపోతుంది, కాళ్లు పొట్టిగా ఉంచండి. నాట్యం పచ్చరాయి దొరికాక.