కరెంటు పోయి వచ్చాక సాంబా షేర్ ఖాళీగా కనిపిస్తోంది

ప్రశ్న (పాలకొల్లు నుంచి):
మా స్టూడియో కింది వాటాలోను, ఇల్లు మేడ మీదను ఉన్నాయి. స్టూడియోలోని పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 (ఒక రకం లినక్స్) వేసి, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన 4 టీబీ డిస్కు తగిలించి, పెళ్లిళ్ల ఫొటోల ఫోల్డర్‌ను సాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా మిగతా కంప్యూటర్లకు షేర్ చేశాను. డిస్కును మొదటిరోజు చేత్తో మౌంట్ చేసిన (అంటే ఒక ఖాళీ ఫోల్డర్ దగ్గర తెరుచుకునేలా కలిపిన) తరువాత మళ్లీ దాని జోలికి పోలేదు. మొన్నటి గాలివానకు రాత్రంతా కరెంటు లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది కనుక అది ఆగిపోయింది. ఉదయం ఆన్ చేస్తే షేర్ తెరుచుకుంది గాని లోపల ఒక్క ఫొటో కూడా లేదు. భయపడుతూనే కొత్త మెమరీ కార్డులు రెండు అందులోకి కాపీ చేయగా, సుమారు 40 జీబీ ఎక్కాక చోటు లేదంటూ ఆగిపోయింది. సాంబా మానేసి, ఫైళ్లు షేర్ చేసే మరో పద్ధతి అయిన ఎన్ఎఫ్ఎస్‌కు మారితే ఈ బెడద తప్పుతుందా?

జవాబు (అమలాపురం నుంచి):
మీ పాత ఫొటోలు బహుశా క్షేమంగానే ఉన్నాయండి. చేత్తో చేసిన మౌంట్ రీబూట్‌తో పోతుంది, మౌంట్ పాయింటుగా వాడిన ఖాళీ ఫోల్డర్ మాత్రం ల్యాప్‌టాప్ సొంత డిస్కులో అలాగే ఉంటుంది. సాంబా దానినే షేర్ చేసింది. సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పడవ) రాకముందే సామానంతా మెట్ల మీద దింపినట్లయింది మీ పని. ల్యాప్‌టాప్ డిస్కులో చోటు అయిపోయి 40 జీబీ దగ్గర ఆగిపోవడమే అందుకు సాక్ష్యం.

ముందుగా సాంబాను ఆపి, ఆ కొత్త ఫొటోలను వేరే ఫోల్డర్‌లోకి జరపండి. అలా జరపకుండా డిస్కును మౌంట్ చేస్తే అవి దాని కింద కనబడకుండా పోతాయి, చోటు మాత్రం తింటూనే ఉంటాయి. ఆ తరువాత డిస్కుకు ఒకసారి ఎఫ్ఎస్‌సీకే (ఫైళ్ల అమరికలో లోపాలు చూసి సరిచేసే ఆదేశం) నడిపి, దాని యూయూఐడీతో (డిస్కు గుర్తింపు సంఖ్య) ఎఫ్‌స్టాబ్‌లో, అంటే బూటు అయ్యేటప్పుడు ఏ డిస్కులు మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలులో, ఒక వరుస రాసి, నోఫెయిల్ అనే ఆప్షన్ చేర్చండి. అది లేకపోతే, డిస్కు తగిలించని రోజున ల్యాప్‌టాప్ బూటు మధ్యలోనే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

జవాబు (రాజోలు నుంచి):
పైవారు చెప్పినది సరైనదే, కానీ నోఫెయిల్ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. డిస్కు రాకపోయినా సాంబా లేచి, మళ్లీ ఖాళీ ఫోల్డర్‌నే చూపిస్తుంది. సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో సాంబా సర్వీసుకు రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అనే వరుస చేర్చి మౌంట్ పాయింటు దారి ఇస్తే, డిస్కు మౌంట్ కానంతవరకు సాంబా మొదలవదు. ఖాళీ షేర్ కన్నా అసలు తెరుచుకోని షేరే మేలు.

ఎన్ఎఫ్ఎస్‌కు మారినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే లోపం ప్రోటోకాల్‌ది కాదు. అన్నీ లినక్స్ కంప్యూటర్లే అయితే ఎన్ఎఫ్ఎస్ హాయిగా ఉంటుంది గాని, అది సాధారణంగా మనిషిని యూజర్ నంబరుతో గుర్తుపడుతుంది కనుక రెండు కంప్యూటర్లలో ఆ నంబర్లు కలవకపోతే వేరే తలనొప్పి మొదలవుతుంది. విండోస్ ఒక్కటి ఉన్నా సాంబాతోనే ఉండండి. అన్నట్టు, ఊరు దాటినప్పుడు చూసుకోవచ్చని రౌటర్‌లో సాంబా వాడే 445 పోర్టును మాత్రం బయటికి తెరవకండి.

అడిగినవారు (పాలకొల్లు నుంచి):
ఇద్దరికీ కృతజ్ఞతలండి. కొత్త ఫొటోలను జరిపి, రెండు మార్పులూ చేసి రీబూట్ చేశాను. ల్యాప్‌టాప్ లేచింది గాని షేర్ తెరుచుకోలేదు. సర్వీసు స్థితి చూస్తే, డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి సాంబా మొదలవకుండానే ఆగిపోయిందని తెలిసింది. కారణం వెతికితే, యూయూఐడీలో సున్నా ఉండవలసిన చోట ఇంగ్లీషు ‘ఓ’ కొట్టాను. నోఫెయిల్ ఒక్కటే పెట్టి ఉంటే మళ్లీ ఖాళీ ఫోల్డర్‌లోకే కాపీ చేసేవాడిని. ఆ అక్షరం దిద్దగానే పాత పెళ్లిళ్లన్నీ కనిపించాయి. పక్కన పెట్టిన 40 జీబీ ఇప్పుడు అసలు డిస్కులోకి ఎక్కుతోంది.