బైపీసీ తర్వాత హ్యూమన్ డెవలప్‌మెంట్ చదివించాలా, లాంగ్‌టర్మ్‌కు పంపాలా?

మిర్యాలగూడ గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను రైస్‌మిల్లులో గుమాస్తాగా చేస్తాను. మా బిడ్డ ఈ ఏడు ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకు చూస్తే అగ్రికల్చర్ బీఎస్సీ కూడా అందేలా లేదు. హైదరాబాద్ సైఫాబాద్‌లో వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది కదా, అందులో సీటు రావచ్చంటున్నారు. అక్కడ చేరి, తర్వాత హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్‌లో ఎమ్మెస్సీ చేస్తానని బిడ్డ పట్టుబట్టింది. పిల్లలు ఎట్లా ఎదుగుతారు, కుటుంబాల్లో గొడవలెందుకొస్తాయి, ముసలితనంలో మనిషికి ఏం కావాలి, ఇవన్నీ అందులో చదువుతారట. మా బావమరిదేమో "ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టించు బావా, డాక్టరైతది" అని రోజూ ఫోన్. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

నీట్ నాన్న, నల్లగొండ

అన్నా, మొహమాటం లేకుండానే చెప్తున్న. ఇది పాత హోంసైన్సే. అప్పట్లో పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి చదివించేవాళ్లు, ఇప్పుడు బోర్డు మార్చారు. పిల్లల్ని పెంచడానికి డిగ్రీ ఎందుకు? మా అమ్మ ఏడుగురిని పెంచింది, ఏ యూనివర్సిటీకి పోయింది? లాంగ్‌టర్మ్ పెట్టించు. మావాడికి రెండోసారికి వచ్చింది సీటు.

సైఫాబాద్ సీనియర్

అక్కడ చదివి బయటికొచ్చినదాన్ని కాబట్టి ముందు ఒక సంగతి తేల్చి చెప్తాను. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్‌లో హ్యూమన్ డెవలప్‌మెంట్ ఒక్కటే ఉండదు. ఆహారం–పోషణ, దుస్తులు, ఇంటి వనరుల నిర్వహణ, ఈ విషయాలు ఊళ్లవాళ్లకు చేరవేసే విస్తరణ, వీటితోపాటు అదీ ఒకటి. అందరూ అన్నీ చదవాల్సిందే. బట్టల నేత గురించి పరీక్ష రాయాలి, ఊళ్లకు పోయి పనిచేయాలి. ప్రత్యేకంగా హెచ్‌డీఎఫ్‌ఎస్, అంటే మీ బిడ్డ అడిగే హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్, అన్నది ఎమ్మెస్సీలోనే. కాబట్టి గుమాస్తా గారూ, నాలుగేళ్లలో పిల్ల కౌన్సెలరై వస్తుందనుకోకండి. ఆరేళ్ల లెక్క వేసుకోండి.

ఇక పెళ్లిచూపుల మాట. మాకు ల్యాబ్ నర్సరీలో పరిశీలన రికార్డు ఉండేది. రెండున్నరేళ్ల పిల్లాడికి కాస్త దూరంగా కూర్చుని, వాడేం చేశాడో రాయాలి. "అల్లరి చేశాడు" అని రాస్తే మేడమ్ ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. చెక్క దిమ్మెలు ఎన్ని పేర్చాడు, ఏ చేత్తో పేర్చాడు, పక్కపిల్ల ఒకటి లాక్కుంటే ఏడ్చాడా, తిరిగి అడిగాడా, ఇంకోటి వెతుక్కున్నాడా? అవి రాయాలి. అభిప్రాయం కాదు, కనబడింది రాయడం అలవాటయ్యేసరికి ఒక సెమిస్టర్ పట్టింది. ఈ విద్య పెళ్లిచూపుల్లో ఎక్కడ పనికొస్తుందో నీట్ నాన్న గారే చెప్పాలి.

కోస్గి వైపు సూపర్‌వైజర్

"మా అమ్మ ఏడుగురిని పెంచింది" అన్న అన్నకు ఒక్క కేసు చెప్తాను. అంగన్‌వాడీల సూపర్‌వైజర్‌గా మా వైపు ఊళ్లు తిరుగుతాను. ఇక్కడ సగం ఇళ్లల్లో తల్లిదండ్రులు పుణె, ముంబయి పనులకు పోతారు, పిల్లలు అవ్వ దగ్గరుంటారు. ఒక సెంటర్‌లో మూడేళ్లు దాటిన బాబు. బరువు సరే, ఎత్తు సరే, గుడ్డు పెడితే తింటాడు. మేం ఎదుగుదల నమోదు చేసే యాప్‌లో అన్నీ పచ్చగానే, అంటే బాగున్నట్టే ఉన్నాయి. మాట మాత్రం లేదు. అవ్వనడిగితే "మా మనవడు నిమ్మళస్తుడు బిడ్డా, వాళ్ల తాత పోలిక" అంటుంది. వాడు ఆడుకుంటుంటే వెనకాల నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టాను. గదిలో పిల్లలందరూ ఉలిక్కిపడి తిరిగారు. వీడు తిరగలేదు.

జిల్లా ఆస్పత్రిలో చిన్నపిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీకి పంపడానికి, పుణెలో ఉన్న తండ్రిని ఫోన్‌లో ఒప్పించడానికే ఎక్కువ టైం పట్టింది. ఆఖరికి వినికిడి మిషన్ పెట్టారు. కానీ మాట నేర్చుకోవడానికి తొలి మూడేళ్లు ఎంత విలువైనవో చదివినవాళ్లకు తెలుసు, అవి పోయాయి కదా.

అవ్వది తప్పని నేననను. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో ఒకడు పలక్కపోతే మిగతా ఆరుగురు కనిపెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక ముసలామె, ఒక పిల్లాడు, ఒక టీవీ. ఒక సంగతి కూడా చెప్పాలి. నేను చదివింది సోషియాలజీ. ఇవన్నీ శిక్షణలో కొంత, పనిలో పడి కొంత నేర్చుకున్నాను. ముందే చదివి వచ్చినవాళ్లు మాలో కొద్దిమందే, వాళ్ల కన్ను వేరు.

పోటీ పరీక్షల పక్షి, మహబూబ్‌నగర్

అక్క చెప్పింది కరెక్టే, కానీ అవసరం ఉండటం వేరు, పోస్టు ఉండటం వేరు. లెక్కేద్దాం. 2022లో టీఎస్‌పీఎస్సీ అంగన్‌వాడీలను చూసే సీడీపీవో పోస్టులు 23, వాళ్ల కింద ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్ (సూపర్‌వైజర్) పోస్టులు 181 ఇచ్చింది. రాష్ట్రం మొత్తానికి. పరీక్ష పెట్టారు, లీకుల గొడవలో రద్దు చేశారు, మళ్లీ పెట్టారు. ఈ లోపు రాసినవాళ్లకు పెళ్లిళ్లై పిల్లలు పుట్టారు. పైగా ఆ పోస్టులకు హోంసైన్స్ వాళ్లే కాదు, సోషల్ వర్క్, సోషియాలజీ వాళ్లూ అర్హులే. సూపర్‌వైజర్ అక్కే సాక్ష్యం.

రైతు కుటుంబాలకు శిక్షణ ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రాలంటారా? మన వైపు కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురం. ఒక్కోదాంట్లో హోంసైన్స్ నిపుణురాలు ఉంటే ఒక్కరు. ఆమె ఎప్పుడు రిటైరవుతుందా అని క్యాలెండర్ చూసుకుంటూ కూర్చోవాలి.

లెక్చరర్ అవుతానంటే యూజీసీ నెట్‌లో హోంసైన్స్ పేపర్ ఉంది, రాయొచ్చు. ఖాళీలు ఎప్పుడు నింపుతారో ఎవరినీ అడగొద్దు.

నకిరేకల్ స్టాఫ్ నర్స్

బీఎస్సీ నర్సింగ్ చేయించండి అన్నా. కోర్సు అయిన నెలలోనే ఏదో ఒక ఆస్పత్రిలో చేరొచ్చు. ఇంట్లో డబ్బు అవసరం ఉంటే ఆరేళ్లు ఆగలేం.

సైఫాబాద్ సీనియర్

నర్సు అక్క మాట కొట్టిపారేయను. ఇల్లు వెంటనే గడవాలంటే అదే దారి.

పక్షి తమ్ముడు మాత్రం ఒక నోటిఫికేషన్ మర్చిపోయాడు. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు. అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌కే స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) 796. వెయ్యి దాటాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో పది మందికి ఒక టీచర్ ఉండాలన్న లెక్క మీద 2021లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. ఈ వైపు పోస్టులు ఇంకా వస్తాయనే నా నమ్మకం.

కానీ వాటికి హెచ్‌డీఎఫ్‌ఎస్ డిగ్రీ ఒక్కటీ చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. 1992 నాటి చట్టం అది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థలో అలాంటి కోర్సులున్నాయి. నా బ్యాచ్‌లో ఇప్పుడు నిలదొక్కుకున్నవాళ్లు చాలావరకు ఇలా రెండో కోర్సు చేసినవాళ్లే. ఒకామె ఆటిజం పిల్లల థెరపీ సెంటర్ నడుపుతోంది, ఒకామె పెద్ద స్కూల్లో కౌన్సెలర్. డిగ్రీతోనే ఆగినవాళ్లకు ప్రీస్కూళ్లలో మొదట ఇచ్చిన జీతం ఇక్కడ రాస్తే గుమాస్తా గారు ఇప్పుడే లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేస్తారు.

ఇంకోటి. ఎమ్మెస్సీ హెచ్‌డీఎఫ్‌ఎస్ చేసి బోర్డు మీద "క్లినికల్ సైకాలజిస్ట్" అని రాసుకునేవాళ్లున్నారు. అది తప్పు. దాని కోర్సు వేరు, రిజిస్ట్రేషన్ వేరు.

సూర్యాపేట టు డాలస్

ఇక్కడ అమెరికాలో ఈ సబ్జెక్టు చాలా యూనివర్సిటీల్లో అదే పేరుతో ఉంది. నా భార్య కొలీగ్ ఒకామె ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ముందు పిల్లల భయం పోగొట్టే పని చేస్తుంది, చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అంటారు. ఆటబొమ్మకు సూది గుచ్చి చూపిస్తుంది, తర్వాత పిల్లకు గుచ్చుతారు. ఫ్యామిలీ థెరపిస్ట్ కావాలంటే మాత్రం మాస్టర్స్, దాని మీద స్టేట్ లైసెన్స్ తప్పదు. ఎమ్మెస్‌కు పంపాలనుకుంటే ఆ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే అవకాశం, ఒక్క ఏడాదే. అప్పు చేసి పంపేవాళ్లు ఈ ఒక్క లైన్ రెండుసార్లు చదవండి.

నీట్ నాన్న, నల్లగొండ

చూశారా, ఎవర్ని అడిగినా "ఇది చదివి, తర్వాత ఇంకోటి చదవాలి" అంటున్నారు. మరి ఆ ఇంకోటే ముందు చదివితే పోలే?

మిర్యాలగూడ గుమాస్తా

నమస్తే. డాడీ ఐడీ నుంచి నేను రాస్తున్నా, డాడీ పక్కనే ఉన్నాడు. అంకుల్, నాకు నీట్ భయం లేదు, డాక్టర్ కావాలని లేదు. మా అమ్మమ్మ ఊరు దేవరకొండ దగ్గర. అక్కడి తండాల్లో పేదరికం వల్ల ఆడశిశువుల్ని అమ్ముకున్న వార్తలు దేశమంతా తెలిసినవే. అలా వదిలేసిన పిల్లలు ప్రభుత్వం వాళ్లను ఉంచి చూసుకునే శిశుగృహకు చేరతారు. అక్కడ పాలు, బట్టలు ఉంటాయి సరే, ఆ పిల్ల రోజూ ఎవరి ముఖం చూసి నవ్వాలి, షిఫ్టు మారితే ఎవరిని వెతకాలి? నాకు ఆ వయసు పిల్లలతో పని కావాలి. బాలల న్యాయ చట్టం, 2015లో చదివాను, ఇలాంటి పిల్లల విషయం తేల్చే బాలల సంక్షేమ కమిటీ సభ్యుల అర్హతల్లో లా, సోషల్ వర్క్‌తో పాటు హ్యూమన్ డెవలప్‌మెంట్ డిగ్రీ కూడా రాశారు. సీనియర్ అక్కా, ఎమ్మెస్సీ లేకుండా బీఎస్సీ అయ్యాక నేరుగా స్పెషల్ బీఈడీ, అదే ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్ కోర్సు, చేయొచ్చా?

సైఫాబాద్ సీనియర్

చేయొచ్చు చెల్లీ, మార్కులు తగినన్ని ఉంటే చాలు. అదీ రెండేళ్లే. కమిటీ గురించి చదివావు, సంతోషం. కానీ అది నెలజీతం ఉద్యోగం కాదు, సిట్టింగుకు భత్యం ఇస్తారు. కొన్నేళ్లు పనిచేశాక ఆలోచించు.

పోటీ పరీక్షల పక్షి, మహబూబ్‌నగర్

అయితే నల్లగొండలోనే మూడేళ్ల డిగ్రీ, దాని మీద స్పెషల్ బీఈడీ. ఐదేళ్లలో డీఎస్సీ రాయొచ్చు. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు మిగులు, ఏడాది మిగులు. దీనికి జవాబుందా?

సైఫాబాద్ సీనియర్

పోస్టు ఒక్కటే కావాలంటే నువ్వు చెప్పిందే దగ్గర దారి తమ్ముడూ, కాదనను. బీఈడీ బడికొచ్చే పిల్లల కోసం. ఆ పిల్ల అడుగుతున్నది బడికి రాకముందు వయసు గురించి. సున్నా నుంచి ఆరేళ్ల వరకు ఎదుగుదలను వరసగా చదవాలంటే నల్లగొండ డిగ్రీ కాలేజీలో జువాలజీ తీసుకుంటే దొరకదు.

కోస్గి వైపు సూపర్‌వైజర్

అమ్మా, సీట్ల కౌన్సెలింగ్‌కు ముందు ఒక పని చెయ్. మీ జిల్లా ఆస్పత్రి డీఈఐసీలో ఒక పూట కూర్చో. తల్లులు చంకలో పిల్లల్ని పెట్టుకుని బస్సులు మారి వస్తారు. లోపల ఒక పిల్లాడితో బంతి పట్టుకునే పనే పదేపదే చేయిస్తుంటారు. వాడు పట్టుకోడు, మళ్లీ ఇస్తారు. మధ్యాహ్నానికి నీకు విసుగొస్తే నర్సింగ్ చూసుకో, ఏం తప్పులేదు. రాకపోతే ఈ పక్షి లెక్కలన్నీ తర్వాత చూసుకోవచ్చు.

నీట్ నాన్న, నల్లగొండ

సరే, పోయి చూసి రానీ. కానీ గుమాస్తా అన్నా, నీట్ పుస్తకాలు మాత్రం అప్పుడే అమ్మకు.

మిర్యాలగూడ గుమాస్తా

అన్నా, ఇప్పుడు నేనే రాస్తున్న. అవి పోయిన వారమే పక్కింటి పిల్లకు ఇచ్చేసిందట, నాకు ఇప్పుడే చెప్పింది.