అప్‌డేట్: బాణం గుర్తు మళ్లీ రోడ్డెక్కింది

పోయిన నెల అడిగాను కదా, మా పాత వ్యాగన్‌ఆర్ కారులో మ్యాప్ చూసుకోడానికి ఫోన్ హోల్డర్ చాలా, తెర ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాలా అని. స్టీరియోకే ఓటేశాను. మొదటి వారం మాత్రం టెన్షన్ పెట్టేసింది. మేము రాజమండ్రి దగ్గర హైవే మీద వెళ్తుంటే, తెరమీద మ్యాప్‌లో మా కారుని చూపించే బాణం గుర్తు పక్క పొలాలు దున్నుకుంటూ పోయేది.

"యాంటెన్నా ఎక్కడ పెట్టారో చూడండి" అని మీలో ఒకరన్నారు. అదే నిజమైంది. స్టీరియో బయటికి లాగిస్తే, అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ, అదే జీపీఎస్ యాంటెన్నా, దాని వెనక ఇనప ఫ్రేముకి తలకిందులుగా అతుక్కుని ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కణ్నించి వచ్చే సిగ్నల్ అసలే బలహీనం, పైగా ఇనుము అడ్డం! ముందు అద్దం కింద ఎడమ మూలన, అయస్కాంతం వైపు కిందికి ఉండేలా పెట్టించి, వైరు అద్దం పక్క పిల్లర్ సందులోకి తోయించాను. కాసేపట్లోనే బాణం రోడ్డెక్కింది. "ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది సార్" అన్న బిగించినాయన్ని ఏమనాలో తెలీదు.

భద్రాచలం బయల్దేరే ముందు ఇంటి వైఫైతో గూగుల్ మ్యాప్స్‌లో ఆ దారంతా ఆఫ్‌లైన్‌కి దించుకున్నాం, స్టీరియోలోనే. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ పోయింది. బాణం మాత్రం మాతోపాటు ప్రతి మలుపూ తిరిగింది. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదంటే మా ఆవిడ అప్పుడు నమ్మింది. ట్రాఫిక్ రంగులు రావనుకోండి, ఆ అడవిలో వాటితో పనేముంది?

పాత ఫోన్ హోల్డర్ మా తమ్ముడు పట్టుకుపోయాడు.