అప్‌డేట్: ఫుల్ థ్రాటిల్‌లో టర్బైన్ ఆరిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది

కొత్తగా చూసేవాళ్లకి: రిమోట్‌తో ఎగరేసే 2.4 మీటర్ల మోడల్ జెట్ విమానం, 140 న్యూటన్ల తోపు ఇచ్చే కిరోసిన్ టర్బైన్ ఇంజిన్. ఐడిల్ (కనీస వేగం) బాగానే ఉంటుంది, ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన కాసేపటికే ఆరిపోతుంది.

ఇంధనం పంపు మార్చమన్నవాళ్లే ఎక్కువ. పంపుది తప్పు కాదండీ. పంపు ముందున్న ట్యూబ్‌ మీద టార్చి వేసి చూస్తే ఐడిల్‌లో శుభ్రంగా ఉంది; థ్రాటిల్ పెంచగానే ఆవగింజంత బుడగలు వరసకట్టాయి. ఫుల్‌లో ఈ సైజు టర్బైన్ నిమిషానికి దాదాపు అర లీటరు లాగుతుంది. అంత పీల్పుకి ఎక్కడ సందున్నా గాలి దూరుతుంది, ఆ గాలి టర్బైన్‌కి చేరితే మంట ఆరిపోతుంది.

ఫిల్టర్ పంపుకి ముందు ఉండేది. దాన్ని పంపుకీ టర్బైన్‌కీ మధ్యకి మార్చాను. పీల్చేవైపు అడ్డు ఉండకూడదు. ట్యాంకు వెంట్ (గాలి లోపలికొచ్చే గొట్టం) 3 మిల్లీమీటర్లే, దాంతో ట్యాంకు పక్కలు లోపలికి నొక్కుకుపోయేవి. ఇప్పుడు 6 వేశాను. అసలు దొంగ మాత్రం సిలికాన్ ట్యూబ్ ముక్క! కిరోసిన్‌కి సిలికాన్ ఉబ్బి వదులవుతుంది. టైగాన్ (ఇంధనాన్ని తట్టుకునే ప్లాస్టిక్ ట్యూబ్) వేసి, జాయింట్ల దగ్గర సన్న తీగ చుట్టాను. లీకు చూడాలంటే ట్యాంకుని బకెట్ నీళ్లలో ముంచి, మిగతా దారులు మూసి, సిరంజితో మెల్లగా గాలి ఎక్కించండి, గట్టిగా నొక్కితే ట్యాంకే పగులుతుంది.

ఇంధనం పాతదే: 20 లీటర్ల కిరోసిన్‌కి 1 లీటరు టర్బైన్ ఆయిల్. విజయనగరం వానాకాలపు చెమ్మకి సగం ఖాళీ క్యాన్లో నీరు చేరుతుంది, క్యాన్ అడుగున మిగిలిన ఇంధనం మాత్రం ట్యాంకులో పోయకండి.