షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకోవాలంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. షెల్టర్ నుంచి రెండు నెలల నాటు కుక్కపిల్లను తెచ్చుకుందామని ఉంది. ఏమేం చూడాలి?

జవాబు 1: పగలంతా తాళం వేసే ఇంటికి అంత చిన్న పిల్ల వద్దండి. రోజుకు నాలుగుసార్లు తిండి పెట్టాలి, గంట రెండు గంటలకోసారి ఉచ్చకు తీసుకెళ్లాలి. రెండేళ్లు దాటినదాన్ని అడగండి, దాని స్వభావం ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. చెవి కొన కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టే. టీకా కార్డులో రేబీస్, డీహెచ్‌పీపీఐ (డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులు రాకుండా వేసే టీకా) తేదీలు చూడండి.

జవాబు 2: పైపెదవి ఎత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. పాలిపోయి ఉంటే పిడుదుల జ్వరమేమో, రక్తపరీక్ష చేయించాకే తెచ్చుకోండి. పిడుదులు చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో దాక్కుంటాయి.

జవాబు 3: మొదటి వారం అసలు భయం కుక్క పారిపోతుందనే. బెదిరి వెనక్కి గుంజితే మెడపట్టీ తలమీంచి జారిపోతుంది. పట్టీ కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు చాలు, హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కూడా వేసి రెండింటికీ లీష్ (పట్టుకునే తాడు) తగిలించండి. షెల్టర్‌లో తిన్న తిండే ముందు పెట్టి, వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. ఒకేసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

ప్రశ్న: సరేనండి, పెద్దదాన్నే అడుగుతాం. లిఫ్టులో కుక్క వద్దని అసోసియేషన్ అంటే?

జవాబు 1: అనకూడదు. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చూపించండి. జీహెచ్‌ఎంసీ లైసెన్సు, రేబీస్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.