ఇంట్లో రెండు యాసలుంటే పిల్లలకు ఏది నేర్పాలి?

ఉప్పల్ అమ్మ:
నాది తెనాలి, మా ఆయనది జగిత్యాల. బాబుకు 7 ఏళ్లు. మొన్న తెలుగు నోట్‌బుక్‌లో 'ఉల్లిగడ్డ' అని రాస్తే టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి 'ఉల్లిపాయ' అని దిద్దారు. ఇంటికొచ్చి "నానమ్మకు తెలుగు రాదా?" అని అడిగాడు. అత్తయ్య పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇంట్లో అందరం పుస్తకాల తెలుగే మాట్లాడాలా?

హాస్టల్ పిలగాడు:
అదే నేర్పండి అక్కా. ఇంటర్ చదవడానికి పెద్దపల్లి దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్ వచ్చాను. నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. రెండేళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "టీవీల మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్ బిడ్డా" అంటుంది. ఆ బాధ ఉంది. అయినా నా కొడుకు ఆ నవ్వులు వినకూడదు.

మూసీ ఒడ్డు:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది, నీ సలహా మాత్రం ఒప్పుకోను. నవ్వింది వాళ్లయితే మాట నువ్వెందుకు మార్చుకోవాలి?

మాది షాలిబండ. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివారు. లెక్కలన్నీ ఉర్దూలో రాసేవారు, పూజలో పద్యాలు తెలుగులో చదివేవారు. ఎవరు ఏ మాటతో పలకరిస్తే ఆ మాటతోనే జవాబు చెప్పాలని మాకు నేర్పారు. పాలాయనతో దక్కనీ ఉర్దూ, ఇంట్లో మా తెలుగు, బెజవాడ బాబాయి వస్తే ఆయన తెలుగు. ఐదేళ్లకే అలవాటైపోయింది. ఎన్ని యాసలున్నా పిల్లలు తట్టుకుంటారు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని పెద్దలు అంటేనే తికమకపడతారు.

అయినా ఉల్లిగడ్డ తప్పెట్లా అయింది? రాయలసీమలో ఎర్రగడ్డ అనేవాళ్లున్నారు, వాళ్లకూ తెలుగు రాదా?

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. మధ్యలో 11 రోజులే తేడా. ఆయన శ్రీకాకుళం వైపు, ఈయన ఓరుగల్లు వైపు. ఒకరు గ్రాంథికంతో కొట్లాడారు, ఒకరు యాసను చిన్నచూపు చూసేవాళ్లతో కొట్లాడారు. ఇద్దరూ జనం నోటి మాట వైపే నిలబడ్డారు. మీ ఇంట్లో రెండు రోజులూ పండగ చేసుకోవచ్చు.

టీచరుకు మర్యాదగానే చెప్పండి. దానికంటే ముందు, నానమ్మది మంచి తెలుగని బాబుకు చెప్పండి. ఆవిడ వినేలా చెప్పండి.

హాస్టల్ పిలగాడు:
పరీక్షలో కొట్టేస్తే మార్కులు ఎవరిస్తారన్నా?

ఉప్పల్ అమ్మ:
తమ్ముడు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. శనివారం టీచరును కలిసి అదే అడుగుతాం. అత్తయ్యను కూడా తీసుకెళ్తున్నాను.

నిన్న సరుకుల చీటీ ఆవిడ చెబుతుంటే బాబుతో రాయించాను. ఉల్లిగడ్డలు 2 కిలోలు, ఆలుగడ్డలు కిలో, ఎల్లిగడ్డ పావుకిలో. చీటీ చూసి కిరాణా ఆయన అన్నీ సరిగ్గానే కట్టిచ్చాడు.